పాత బేస్‌బాల్ కార్డు చేతికొస్తే ఎక్కడ చూడాలి: అరుదైన, మేలైన వింటేజ్ కార్డుల సేకరణకు సమగ్ర మార్గదర్శి

1952లో టాప్స్ అనే చూయింగ్ గమ్ కంపెనీ ఆటగాళ్ల బొమ్మలుండే 407 బేస్‌బాల్ కార్డుల సెట్ ఒకటి అచ్చేసింది. ఆఖరి విడత కార్డులు దుకాణాలకు చేరేసరికి సీజన్ చివరికొచ్చింది, పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదికి మళ్లింది. సరుకు మిగిలిపోయింది. ఎనిమిదేళ్లు గోదాములో మూలిగాక, 1960లో, ఆ కార్డుల రూపకర్త సై బెర్గర్ వాటిని పడవకెక్కించి న్యూజెర్సీ తీరానికి దూరంగా అట్లాంటిక్‌లో పారబోయించాడు. అలా మునిగిన ఆఖరి విడతలోదే 311వ నంబరు కార్డు, న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు మిక్కీ మాంటిల్‌ది. దాదాపు చెక్కుచెదరని ఒక మాంటిల్ 2022 ఆగస్టులో హెరిటేజ్ వేలంలో కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది.

మా ఇంటి నుంచి ఆ సముద్రం గంట దారి. బీచ్‌కి వెళ్లిన ప్రతిసారీ మా ఆవిడ, "దూకండి, ఒక్కటి దొరికినా ఇంటి లోన్ తీరిపోతుంది" అంటుంది. చిన్నప్పుడు కాకినాడలో అగ్గిపెట్టె బొమ్మలు పోగేసిన చేతులే నావి. అమెరికా వచ్చాక ఆ దురద ఇలా తిరిగింది. ఆ అనుభవంతో, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందనుకున్నది వరసగా చెబుతాను. ఒకటి మాత్రం మొదట్లోనే: కార్డును సీల్ చేసిన డబ్బా మీద గ్రేడింగ్ సంస్థ వేసిన అంకె చూసి కొనేవాళ్లు ఉంటారు, లోపలి కార్డు చూసి కొనేవాళ్లు ఉంటారు. నేను మొదటి రకంగా మొదలై, చేతులు కాలాక రెండో రకంలోకి మారాను.

మొదటి మెట్టు: అరుదు వేరు, మేలు వేరు

ఈ రెండూ కలిపేస్తే డబ్బు పోతుంది. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో వేసిన చిన్న కార్డుల్ని టీ206 అంటారు. అందులో పిట్స్‌బర్గ్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు ప్రపంచం మొత్తం మీద అరవై దాకానే మిగిలిందని లెక్క. అది నిజంగా అరుదు. ఎంత చితికినా సరే కొంటారు. 2022లో సగం చిరిగిపోయిన వాగ్నర్ ముక్క ఒకటి 4 లక్షల 75 వేల డాలర్లు దాటింది.

1952 మాంటిల్ సంగతి అలా కాదు. ఆ అచ్చు షీటులో మాంటిల్ బొమ్మ రెండుసార్లు పడింది. చివరి విడతలోని చాలా కార్డులకన్నా అదే ఎక్కువ దొరుకుతుంది. కానీ పిల్లలు దాన్ని జేబులో పెట్టుకున్నారు, రబ్బరు బ్యాండు వేశారు, సైకిల్ చక్రం పుల్లల్లో టపటపా కొట్టుకునేలా గుచ్చారు. అందుకే, కార్డు స్థితిని బట్టి 1 నుంచి 10 దాకా గ్రేడు వేసే పీఎస్‌ఏ అనే సంస్థ లెక్కలో 10 గ్రేడు వచ్చినవి మూడే, 9 వచ్చినవి ఆరే. కార్డు అరుదు కాదు, దాని మంచి స్థితి అరుదు. కోట్లు పలికేది ఆ స్థితికే.

కాబట్టి కొనే ముందు అడగాల్సిన ప్రశ్న: ఈ కార్డు దొరకడం కష్టమా, బాగున్నది దొరకడం కష్టమా? మొదటిదైతే 2, 3 గ్రేడుతో సర్దుకోవచ్చు. రెండోదైతే గ్రేడే ప్రాణం.

రెండో మెట్టు: ఒక కాలాన్ని పట్టుకోండి

పాత కార్డులకు టీ, ఇ, ఆర్, ఎన్ అనే అక్షరాలు ఎక్కడివని కొత్తవాళ్లు తికమకపడతారు. జెఫర్సన్ బర్డిక్ అనే సేకర్త 1930ల చివర్లో ఒక కేటలాగు తయారుచేశాడు. ఎన్ అంటే పంతొమ్మిదో శతాబ్దివి, టీ అంటే ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులు, ఇ అంటే పాత మిఠాయి కార్డులు, ఆర్ అంటే గమ్ కార్డులు. ఆయన తన సేకరణంతా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. అందులో బేస్‌బాల్ కార్డులే 30 వేల పైచిలుకు.

పొగాకు కాలం తర్వాత 1933 గౌడీ సెట్ పెద్ద మలుపు. 240 కార్డులు, అందులో బేబ్ రూత్ ఒక్కడికే నాలుగు. 1948 నుంచి బోమన్, 1952 నుంచి టాప్స్ పెద్ద సెట్లు. 1956లో టాప్స్ బోమన్‌ను కొనేసింది. ఆ తర్వాత 1981లో ఫ్లీర్, డాన్‌రస్ వచ్చేదాకా టాప్స్‌కు గట్టి పోటీ లేదు.

కొత్తవాళ్లకు నా సలహా 1960ల టాప్స్. దొరుకుతాయి, ధరలు తెలుస్తాయి, తప్పు చేసినా నష్టం భరించగలిగినంతే. ఆ దశకంలో ఒక్క ఏడాది సెట్టో, ఒక్క ఆటగాడో ఎంచుకోండి. రాబర్టో క్లెమెంటే అంటే ఇష్టమా, 1955లో వచ్చిన ఆయన తొలి కార్డు తర్వాతికి వాయిదా వేసి, ముందు 60ల కార్డుల మీద కన్ను తిప్పండి. గరాజ్ సేల్‌లో కనిపించే 1986 నుంచి 1993 మధ్య పెట్టెలు మాత్రం వదిలేయండి. అవి లెక్కలేనన్ని అచ్చేశారు. ముప్పై ఏళ్లు దాచినవాళ్లకు అద్దె కూడా రాలేదు.

మూడో మెట్టు: ఏ సెట్ ఎక్కడ దెబ్బతింటుందో తెలుసుకోండి

ఇది తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా ఇక్కడే. 1952 టాప్స్‌లో ఒకటో నంబరు ఆండీ పాఫ్కో. మంచి ఆటగాడే గానీ మాంటిల్ అంతటివాడు కాదు. అయినా మంచి స్థితిలో పాఫ్కో దొరికితే ధర చూసి కళ్లు తిరుగుతాయి. పిల్లలు కార్డుల్ని నంబరు వారీగా పేర్చి రబ్బరు బ్యాండు వేసేవాళ్లు. పైన ఉండే ఒకటో నంబరే ఆ బ్యాండు కోతలన్నీ తిన్నది. దాదాపు ప్రతి సెట్‌లోనూ మొదటి, చివరి కార్డులది ఇదే గతి.

1971 టాప్స్‌కు నల్ల అంచులు. గోరు తగిలినా తెల్లగా చిట్లుతుంది. 1962 సెట్‌కు చెక్క రంగు అంచు, దాని మీదా మూలల అరుగుదల దాగదు. 1953 టాప్స్‌లో పేరుండే ఎరుపు, నలుపు పట్టీ కార్డు అంచుదాకా వెళుతుంది కాబట్టి కిందివైపే మొదట రాలుతుంది. తెల్ల అంచు సెట్లలో ఈ గొడవ తక్కువ, అక్కడ మూలల మొనే చూడాలి.

గమ్ సంగతి వేరే. ప్యాకెట్‌లో గమ్ పలకకు ఆనుకున్న కార్డు మీద గోధుమరంగు మరక, మైనం కాగితానికి ఆనుకున్న దాని మీద నూనెలాంటి మరక ఉంటాయి. అందుకే పాత సేకర్తలు వెండింగ్ బాక్స్ అంటే చెవి కోసుకుంటారు. యంత్రాల్లో అమ్మడానికి టాప్స్ 500 కార్డులు నేరుగా అట్టపెట్టెలో సర్ది పంపేది. గమ్ లేదు, మైనం లేదు. ఇప్పుడు కనిపించే మేలైన 60ల కార్డుల్లో చాలా భాగం అలాంటి పెట్టెల నుంచి వచ్చినవే.

నాలుగో మెట్టు: కార్డును చూడటం

కావలసినవి ఐదు: పది రెట్లు చూపే భూతద్దం, మిల్లీమీటర్ల స్కేలు, మెడ వంచగలిగే టేబుల్ ల్యాంపు, అతినీలలోహిత టార్చి, అదే సెట్‌లోని నాలుగైదు చవక కార్డులు. చివరిదే అన్నిటికన్నా ముఖ్యం, అందరూ మరిచేదీ అదే.

చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. కార్డును రెండు అంచుల మీద పట్టుకోండి, ముఖం తాకొద్దు. గదిలో దీపం ఆర్పి, ల్యాంపును బల్ల ఎత్తుకు వంచి, వెలుగు కార్డు మీద దాదాపు అడ్డంగా పాకేలా పెట్టండి. ఇప్పుడు కార్డును మెల్లగా తిప్పండి. నేరుగా చూస్తే కనిపించని మడత ఒక్కసారి వెంట్రుకలా మెరుస్తుంది. వెనకవైపూ ఇలాగే చూడాలి, చాలా మడతలు వెనకే బయటపడతాయి. బాగున్నట్టే కనిపించిన కార్డు 4 గ్రేడుకు పడిపోవడానికి మామూలుగా ఇలాంటి ఒక్క గీతే కారణం.

తర్వాత సెంటరింగ్, అంటే బొమ్మ కార్డుకు సరిగ్గా నడిమధ్యన ఉందా అన్నది. ఎడమ అంచు 1.5 మిల్లీమీటర్లు, కుడి అంచు 3.5 అనుకోండి. మొత్తం 5. అంటే 30/70. గ్రేడర్లు పెద్ద అంకె ముందు పెట్టి 70/30 అంటారు. 8 గ్రేడుకు 65/35 దరిదాపుల్లో ఉండాలి కాబట్టి ఈ కార్డు మూలలు ఎంత పదునుగా ఉన్నా ఇబ్బందే. పైనా కిందా కూడా కొలవండి.

ఇక అంచులు. కత్తిరించి అందం చేసిన కార్డులు ఈ రంగానికి పట్టిన చెద. అరిగిన మూలల్ని సన్నగా కోసేస్తే కార్డు కొత్తదానిలా కనిపిస్తుంది, కొలత మాత్రం తగ్గుతుంది. 1957 నుంచి టాప్స్ కార్డు కొలత 2.5 అంగుళాలకు 3.5 అంగుళాలు, అంటే 63.5 మిల్లీమీటర్లకు 88.9. అంతకు ముందు 1952 నుంచి 1956 దాకా అవి కాస్త పెద్దవి, 2 5/8కి 3 3/4 అంగుళాలు. ఇక్కడే చవక కార్డులు పనికొస్తాయి. అనుమానం ఉన్నదాన్ని వాటి మధ్య పెట్టి, బల్ల మీద మెత్తగా తట్టి, పక్క నుంచి చూడండి. లోపలికి పోయిందంటే స్కేలు కన్నా ముందే తెలిసిపోతుంది. అయితే ఫ్యాక్టరీ కోతలోనే కొంచెం తేడా ఉండేది, టీ206లో మరీ ఎక్కువ. అందుకని పొట్టిదైతే దొంగదని తేల్చేయొద్దు. అంచును భూతద్దంలో చూడండి. యాభై ఏళ్ల అంచు కొద్దిగా నలిగి, ముఖం ఎంత ముదిరిందో అంతే ముదిరి ఉంటుంది. నాలుగు వైపుల్లో ఒక్కటి మాత్రం తెల్లగా, బ్లేడు పెట్టినట్టు ఉంటే పక్కన పెట్టేయండి.

1971 నల్ల అంచు కార్డుల్లో మరో మోసం స్కెచ్ పెన్ను. చిట్లిన తెలుపును నల్లగా పూసేస్తారు. కార్డును ముఖం వైపు కాకుండా మందం వైపు నుంచి చూడండి. అక్కడ అట్ట రంగు కనిపించాలి. నలుపు లోపలికి ఇంకి ఉంటే ఎవరో పూశారన్నమాట.

నకిలీలకు రెండు పరీక్షలు. భూతద్దంలో పేరు అక్షరాలు చూడండి. అసలు కార్డులో అక్షరాలు, గీతలు ఒకే సిరాతో నిండుగా ఉంటాయి. స్కాన్ చేసి అచ్చేసినదైతే అక్షరాలు కూడా రంగు చుక్కలుగా విడిపోతాయి. రెండోది అతినీలలోహిత టార్చి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చాయి. టీ206, గౌడీ కార్డులు చీకట్లో ఆ వెలుతురు కింద మెరవకుండా మసకగా ఉండాలి. నీలంగా భగ్గుమంటే అది మీ తాతల కాలంనాటిది కాదు.

ఐదో మెట్టు: గ్రేడ్ అంటే ఏమిటి, ఎంతవరకు నమ్మాలి

పీఎస్‌ఏ 1991లో మొదలైంది, ఎస్‌జీసీ 1998లో, బెకెట్ ఆ తర్వాతి ఏడాది. 2024లో పీఎస్‌ఏ మాతృసంస్థ ఎస్‌జీసీని కొనేసింది. మూడూ 1 నుంచి 10 దాకా మార్కులేసి కార్డును గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేస్తాయి. దాన్నే స్లాబ్ అంటారు. వింటేజ్‌లో 7 అంటే చాలా బాగుందని, 8 అంటే గొప్పగా ఉందని, 9 అంటే ఎలా బతికిందో అని. అంకె పక్కన ఓసీ లాంటి అక్షరాలుంటే సెంటరింగ్ తప్పింది వగైరా. అలాంటి 8 ధర మామూలు 8 కన్నా బాగా తక్కువ.

కొనే ముందు స్లాబ్ మీది సర్టిఫికెట్ నంబరును గ్రేడింగ్ కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. నకిలీ స్లాబులూ ఉన్నాయి.

సరే, అసలు స్లాబే అయితే నిశ్చింతగా ఉండొచ్చా? పీఎస్‌ఏ గ్రేడ్ చేసిన మొట్టమొదటి కార్డు ఒక వాగ్నర్. ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ ఒక భాగస్వామితో కలిసి 1991లో 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్నాడు. దానికి 8 వచ్చింది. 2007లో అది 28 లక్షలకు చేతులు మారింది. దాని అంచులు తానే కత్తిరించానని బిల్ మాస్ట్రో అనే వేలందారు 2013లో ఫెడరల్ కోర్టులో ఒప్పుకున్నాడు. మోసం కేసులో ఆయనకు 20 నెలల జైలు పడింది. ఈ రంగంలోనే అత్యంత ప్రసిద్ధమైన 8 కథ అది. ఇప్పుడు గ్రేడర్లు అప్పటికన్నా జాగ్రత్తగా ఉన్నారు, నిజమే. అయినా నా కన్ను మూసి వాళ్ల కన్ను అద్దెకు తీసుకోను.

నా చేతులు కాలింది 1968 నోలన్ రయన్ తొలి కార్డుతో. ఒక షోలో, స్లాబ్ లేని కార్డు, నాలుగు మూలలూ సూదుల్లా ఉన్నాయి. "గ్రేడింగ్‌కి పంపితే 8 గ్యారంటీ" అన్నాడు అమ్మిన పెద్దమనిషి. నేను 7 ధర ఇచ్చి, ఇంటికొస్తూ దారిపొడవునా 8 లెక్కలేశాను. రెండు నెలలకు కార్డు గ్రేడు లేకుండా తిరిగొచ్చింది, కత్తిరించిన ఆనవాళ్లున్నాయని చీటీతో. అప్పుడు తీశాను స్కేలు. కుడివైపు దాదాపు ముప్పావు మిల్లీమీటరు లేదు. పక్కన పెట్టి పోల్చడానికి 1968 చవక కార్డులు నా దగ్గర ఆ రోజే ఇరవై ఉన్నాయి, సొరుగులో. ఆ రయన్ ఇప్పుడు నా బల్ల మీద అద్దం కింద ఉంటుంది. కొత్తవాళ్లెవరైనా వస్తే అదే ముందు చూపిస్తాను.

ఆరో మెట్టు: ధర

అడిగే ధర ధర కాదు, అమ్ముడైన ధరే ధర. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపే వడపోత ఉంటుంది. వేలం సంస్థల పాత ఫలితాలూ చూడొచ్చు. అదే కార్డు, అదే కంపెనీ, అదే గ్రేడు, గత ఏడాదిలో జరిగిన ఐదారు అమ్మకాలు రాసుకోండి. పైనున్నదీ కిందున్నదీ వదిలేసి మధ్యవి పట్టుకోండి. ఒకే 8లో సెంటరింగ్ చక్కగా ఉన్నది ఎప్పుడూ పైకే పోతుంది, ఆ తేడా ఫొటోల్లోనే కనిపిస్తుంది.

పాపులేషన్ రిపోర్ట్ అంటే ఏ గ్రేడులో ఎన్ని ఉన్నాయో చెప్పే పట్టిక. చూడాల్సిందే, గుడ్డిగా నమ్మొద్దు. పెద్ద గ్రేడు కోసం స్లాబ్ పగలగొట్టి మళ్లీ మళ్లీ పంపేవాళ్లున్నారు, పాత చీటీ వెనక్కి ఇవ్వకపోతే ఒకే కార్డు రెండు మూడుసార్లు లెక్కలో ఉంటుంది.

వేలంలో కొత్తవాళ్లు మరిచేది కొనుగోలుదారు రుసుము. చాలా సంస్థలు 20 శాతం దరిదాపుల్లో వేస్తాయి, కొన్ని ఇంకాస్త ఎక్కువే. 1000 డాలర్లకు పాడితే 1200, ఆపైన సేల్స్ ట్యాక్స్, పోస్టేజీ. ట్యాక్స్, పోస్టేజీ కాకుండా మీ హద్దు 1200 అయితే 1000 దగ్గరే ఆగిపోవాలి. కొన్ని వేలాలు చివరి నిమిషంలో పాట పడితే గడువు పొడిగిస్తాయి, అర్ధరాత్రి దాటినా సాగుతుంది. అంకె కాగితం మీద రాసుకుని, అది దాటగానే ఫోన్ పక్కన పడేసి పడుకోవడమే నేను కనిపెట్టిన మందు.

ఏడో మెట్టు: ఎక్కడ కొనాలి

పెద్దవాటికి హెరిటేజ్, గోల్డిన్, రాబర్ట్ ఎడ్వర్డ్ లాంటి వేలాలు. చిన్నవాటికి ఈబే, ఊళ్లో కార్డ్ షోలు. ఏటా వేసవిలో జరిగే నేషనల్ స్పోర్ట్స్ కలెక్టర్స్ కన్వెన్షన్ మాత్రం ఒక్కసారైనా చూడాలి. 1980లో మొదలైంది, తరచుగా షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో పెడతారు. మన తిరునాళ్లే అనుకోండి, జీళ్లకు బదులు కార్డులు. మొదటి రోజు కొనకండి, తిరగండి. ఆఖరి రోజు మధ్యాహ్నం మూటలు కట్టుకునే వేళ వ్యాపారి మెత్తబడతాడు. రెండు మూడు కార్డులు కలిపి, నగదు చూపించి, ఒకే ధర అడగండి.

అటకల మీద నిధులు దొరకడం కూడా కల్ల కాదు. 2012లో ఒహాయోలోని డిఫయన్స్ ఊళ్లో ఒక కుటుంబం తాతగారి అటక మీద 1910 నాటి ఇ98 కార్డులు 700 దాకా కనుగొంది, చాలావరకు నలగనివే. 1980ల మధ్యలో బోస్టన్ ప్రాంతంలో దొరికిన 1952 టాప్స్ నిధిని అలాన్ రోజెన్ అనే కార్డుల వ్యాపారి కొన్నాడు, మనం మొదట చెప్పుకున్న మాంటిల్ అందులోదే. కానీ అటక కథ చెప్పి కార్డు అమ్మజూపేవాణ్ణి చూస్తే నేను జేబు పట్టుకుంటాను. కథకు డబ్బివ్వకండి.

ఎనిమిదో మెట్టు: దాచడం

విడి కార్డయితే మెత్తని కవరు, దానిపైన టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగు. పీవీసీ ఉన్న పాత ఆల్బమ్ పేజీలు తీసేయండి. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం, గది మామూలు చల్లదనం, ఎండ పడని చోటు. బేస్‌మెంట్ వద్దు, అటకా వద్దు. ఒకసారి వానాకాలంలో మా మేనల్లుడికి చూపిద్దామని 1966 కార్డొకటి, చవకదే, కవరు లేకుండా కాకినాడ తీసుకెళ్లాను. మూడో రోజుకు అప్పడంలా వంకరపోయింది. "మామయ్యా, ఇది వేయించేశారా?" అన్నాడు వాడు.

మురికి తుడవాలని, మడత ఇస్త్రీ చేయాలని అనిపిస్తుంది. చేయకండి. అది బాగుచేయడం కాదు, కార్డును మార్చడం కిందికే వస్తుంది.

మామూలు ఇంటి బీమాలో ఇలాంటి వస్తువులకు పరిమితి చిన్నది. విలువ కొన్ని వేలు దాటితే సేకరణలకు విడిగా పాలసీ తీసుకోండి. అమెరికాలో ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మితే వచ్చే లాభం మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు, షేర్ల రేటు దీనికి వర్తించదు. కొన్న రోజు రసీదు పారేస్తే అమ్మే రోజు ఏడవాలి.

నా దగ్గర ఒక ఎక్సెల్ ఫైలుంది. కార్డు, సర్టిఫికెట్ నంబరు, కొన్న తేదీ, రుసుముతో కలిపి పడ్డ ఖర్చు, ముందూ వెనకా ఫొటో, నేను లేనప్పుడు అమ్మాలంటే ఎవర్ని అడగాలో ఒక గడి. దాని పాస్‌వర్డ్ మా ఆవిడకు తెలుసు. ఖర్చు గడి మాత్రం ఆవిడ ఇంకా తెరవలేదనే నా నమ్మకం.